పాంప్లెట్ అచ్చుకు వెళ్లే ముందు: ప్రచార కాపీని ఎలా దిద్దాలి?

హైదరాబాద్‌లో తెల్లవారుజామున పేపర్లు సర్దే చోట నిలబడి చూస్తే, పాంప్లెట్లను మడతల్లో పెట్టే చేతులు ఎంత వేగంగా కదులుతాయో తెలుస్తుంది. పొద్దెక్కేసరికి అవి వేల ఇళ్లకు చేరతాయి. అందులో ధర తప్పుపడితే ఇక దిద్దేదేం లేదు. ఆ చేతుల్లోకి వెళ్లకముందే తప్పు పట్టుకోవాలి. కాపీ ఎడిటర్ ఉండేది అందుకే.

కాపీ ఎడిటింగ్ అంటే అక్షరదోషాలు దిద్దడమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది చివర్లో చేసే పని. ప్రచార కాపీ, అంటే ప్రకటనలో ఉండే రాత, చదివిన మనిషి డబ్బు పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరుతుంది. బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, షాపు మెట్లెక్కాక "ఆ ఆఫర్ ఈ చీరలకు కాదమ్మా" అని వినాల్సి వస్తే, మనం ఒత్తులన్నీ సరిచేసి ఏం లాభం? అందుకే మొదట ఇచ్చిన మాట, తర్వాత అంకెలు, ఆ తర్వాత భాష, చివరికి అక్షరాలు చూడాలి. ఈ వరస మార్చకండి. అక్షరాలతో మొదలుపెడితే వాటితోనే కన్ను అలసిపోతుంది, అసలు తప్పు ఎదురుగా ఉన్నా కనిపించదు.

ఉదాహరణకు నేనే కూర్చిన ఒక చీరల షాపు పాంప్లెట్ చూడండి. ఆషాఢం వచ్చిందంటే ఇలాంటివి వీధి వీధిలో దొరుకుతాయి.

"ఆషాడం బంపర్ ఆఫర్! నగరంలోనే నెంబర్ 1 షోరూం. అత్యాధునిక డిజైన్లతో కూడిన అన్ని రకముల పట్టుచీరలు మా వద్ద అందుబాటులో కలవు. ప్రతి చీరపై ఫ్లాట్ 50% వరకు తగ్గింపు. రూ. 5,000 కొనుగోలుపై ఒక చీర ఉచితం*. ఈ అవకాశమును సద్వినియోగం చేసుకోగలరు."

1. పెన్ను పక్కన పెట్టి కొనేవాళ్లలా చదవండి

మొదటిసారి ఏమీ దిద్దకండి. చదివాక ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకోండి: ఇది ఎవరి కోసం, చదివాక వాళ్లు ఏం చేయాలి. పై కాపీలో రెండో దానికి జవాబే లేదు. అడ్రస్ లేదు, ఆఫర్ ఎప్పటిదాకానో లేదు. మొదటిదానికీ సగమే జవాబు ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మరి పట్టుచీర ఎందుకు కొనాలి? శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, వరలక్ష్మీ వ్రతం వస్తుంది. కొనేవాళ్ల మనసులో ఉన్న కారణం అదే, కాపీలో లేనిదీ అదే. ఇలాంటి లోటు కనిపిస్తే సొంతంగా పూడ్చేయకుండా, రాసినవాళ్లకు చెప్పి రాయించండి.

2. ఇచ్చిన ప్రతి మాటా నిలబడుతుందా?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. "ఫ్లాట్ 50% వరకు" అనే మాటను నెమ్మదిగా చదవండి. ఫ్లాట్ అంటే అన్నిటికీ ఒకే తగ్గింపు. "వరకు" అంటే కొన్నిటికే 50, మిగతావాటికి తక్కువ. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఏది నిజమో మనం ఊహించకూడదు, ఓనర్‌ని అడగాలి. నేనైతే ఇలా మెసేజ్ పెడతాను: "సార్, తగ్గింపు అన్ని చీరలకూ 50 శాతమేనా, కొన్నిటికి తక్కువ ఉందా? పాంప్లెట్‌లో రెండు రకాలుగా అర్థమవుతోంది." 'తప్పు రాశారు' అనకుండా 'రెండు రకాలుగా అర్థమవుతోంది' అంటే జవాబు త్వరగా వస్తుంది.

చాలాసార్లు వచ్చే జవాబు, "వరకు అని చిన్నగా పెట్టండి" అని. అక్కడ మెత్తబడకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా ప్రకటన ఉన్న భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. తెలుగు ఆఫర్ కింద ఇంగ్లిష్‌లో చీమల్లాంటి అక్షరాలతో షరతులు పెట్టడం కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఈ మాట బెదిరింపులా కాకుండా, ఆయన మేలు కోరి చెబుతున్నట్టు చెప్పండి. నిజంగా ఆయన మేలు కోరే చెబుతున్నాం కదా.

"ఉచితం" పక్కన చుక్క గుర్తు (*) ఉంటే, ఆ చుక్క వెనక ఏముందో తేల్చుకోండి. ఏ చీర ఉచితం? బిల్లు తగ్గింపుకు ముందు రూ. 5,000 అవ్వాలా, తర్వాతా? "నెంబర్ 1" అనడానికి ఆధారం అడగండి. లేకపోతే కొట్టేయండి, దాని వల్ల ఒక్క చీర కూడా తక్కువ అమ్ముడుపోదు.

రంగాన్ని బట్టి ఇంకొన్ని చూడాలి. ప్లాట్లు, ఫ్లాట్ల బ్రోచర్‌లో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్, రెరా వెబ్‌సైట్ అడ్రస్ ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయిన ప్రాజెక్టుకు అది రాకముందే "ప్రీ లాంచ్ ఆఫర్" అని ప్రచారం చేయడం 2016 రెరా చట్టానికి విరుద్ధం. కోచింగ్ సెంటర్ కాపీలో "100% సెలక్షన్ గ్యారంటీ" అని కనిపిస్తే ఆపండి. సెలెక్టయిన విద్యార్థి ఫొటో వాడాలంటే, ఫలితాలు వచ్చాక ఆ విద్యార్థి రాసిచ్చిన అనుమతి ఉండాలి. 2024 నవంబర్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఈ రెండూ చెబుతున్నాయి. "షుగర్ పూర్తిగా నయం చేస్తాం" అనే మందుల ప్రకటన 1954 నాటి చట్టం ప్రకారమే నిషేధం.

3. అంకెలు, పేర్లు, అడ్రస్

కొన్నేళ్ల కిందట ఒక కోచింగ్ సెంటర్ పాంప్లెట్‌లో ఫోన్ నంబర్ చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. నేను దాన్ని మూడుసార్లు చదివాను, మూడుసార్లూ సరిగ్గానే ఉందనిపించింది. ఆ నంబర్ ఒక పెద్దావిడది. రెండు రోజులు ఆమెకు ఊపిరి సలపనన్ని ఫోన్లు వెళ్లాయి. ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ అడిగినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి నంబర్‌ను కళ్లతో సరిచూడను, డయల్ చేస్తాను. మీరూ అలాగే చేయండి. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయండి, లింక్‌ను తెరవండి.

తేదీ పక్కన వారం ఉంటే క్యాలెండర్ తీయండి. 2026 ఆగస్టు 15 శనివారం. పాత ఏడాది ఫైల్‌లో తేదీ మాత్రమే మార్చిన కాపీల్లో వారం తప్పుతుంది. కొలతలు లెక్క కట్టండి: గజం అంటే 9 చదరపు అడుగులు, గుంట అంటే 121 గజాలు. 200 గజాలని ఒక చోట, 1,600 చదరపు అడుగులని ఇంకో చోట ఉంటే అక్కడ ఏదో తేడా ఉంది. మన ఊళ్లో సగం అడ్రస్‌లు పిల్లర్ నంబర్ మీదే నడుస్తాయి. అది మెట్రో పిల్లరా, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లరా అన్నది రాయకపోతే మనిషి ఊరి అవతలి కొసకు వెళ్తాడు.

4. భాష: బయటికి చదవండి

కాపీని గొంతెత్తి చదవండి. పక్కింటి పిన్నికి ఈ ఆఫర్ గురించి చెబుతుంటే "అందుబాటులో కలవు" అంటారా? "దొరుకుతాయి" అంటారు. "అన్ని రకముల", "అవకాశమును" లాంటివి పాత నోటీసుల భాష. "సద్వినియోగం చేసుకోగలరు" అనే వాక్యాన్ని తీసేస్తే కాపీలో ఏమీ తగ్గదు, కాబట్టి తీసేయండి.

ఇంకో జబ్బు, ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులో రాయడం. "మా నిపుణుల బృందం మీ అవసరాలను తీర్చడానికి కట్టుబడి ఉంది" అంటే షాపులో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఓనర్‌ని అడిగితే "ఫాల్, పీకో ఇక్కడే కుట్టిస్తాం" అంటాడు. ఆ మాటే రాయండి. చీర కొన్న ఆవిడకు కావాల్సింది అదే. అలాగని జనం వాడే ఇంగ్లిష్ మాటలను తరిమేయొద్దు. సేల్, బిల్లు, డిస్కౌంట్ అందరికీ తెలిసినవే.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఆ షాపు వాడుకను రాసుకోండి: నుంచి, నుండి; నంబర్, నెంబర్; షోరూం, షోరూమ్. ఏదైనా ఒకటే పాటించండి.

ప్రశ్నలన్నిటికీ ఓనర్ జవాబులు వచ్చాక మన కాపీ ఇలా తయారవుతుంది. ఆఖరి తేదీ, పిల్లర్ నంబర్, ఫోన్ నంబర్ ఆయన ఇవ్వగానే కింద చేరతాయి.

"ఆషాఢం సేల్. శ్రావణంలో మీ ఇంట్లో పెళ్లి ఉందా? పట్టుచీరలు ఇప్పుడే తీసుకోండి. 10% నుంచి 50% తగ్గింపు. తగ్గింపు పోను బిల్లు రూ. 5,000 దాటితే ఒక కాటన్ చీర ఉచితం. ఫాల్, పీకో ఇక్కడే కుట్టిస్తాం. ఆదివారం కూడా షాపు తెరిచే ఉంటుంది."

5. అక్షరాలు

ఇప్పుడు ఒత్తులు చూడండి. ఆషాడం కాదు, ఆషాఢం. శాఖ అంటే కొమ్మ, విభాగం. హోటల్ బోర్డు మీద ఉండాల్సింది శాఖాహారం కాదు, శాకాహారం. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. విద్యార్థి, సంప్రదాయం, ఉచ్చారణ కూడా తరచూ తప్పుపోతాయి. కింది వాక్యం నుంచి పైకి చదివితే కన్ను అర్థం వెంట పరుగెత్తదు, అక్షరం దగ్గర ఆగుతుంది.

6. ఎస్సెమ్మెస్ అయితే లెక్క వేరు

ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా ఆ లెక్క 70కి పడిపోతుంది. పైగా తెలుగులో కంటికి ఒకటిగా కనిపించేది లెక్కలో ఒకటి కాదు. "స్త్రీ" అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ డబ్బు పడుతుంది. అందుకే ఇక్కడ ఒత్తులు తక్కువ ఉన్న మాట దొరికితే అదే మంచిది. ప్రచార మెసేజ్ నమూనాను (టెంప్లేట్) ముందుగా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. అది చేయకముందే దిద్దుబాటు ముగించండి. తర్వాత మాట మారిస్తే టెంప్లేట్‌తో సరిపోలక మెసేజ్ ఆగిపోతుంది.

7. డిజైన్ అయ్యాక మళ్లీ చదవాలి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు, ఎక్కువ తప్పులు పుట్టేదీ ఇక్కడే. యూనికోడ్‌లో దిద్దిన కాపీని డిజైనర్ 'అను' అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా భాషల సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తు విడిపోయి అక్షరం పక్కన పొల్లుతో నిలబడుతుంది. "దిల్‌సుఖ్‌నగర్" లో మధ్య ఉండే కనిపించని విరుపు పోతే అది "దిల్సుఖ్నగర్" అయిపోతుంది. సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్, హాల్‌మార్క్ లాంటి మాటల్ని ప్రత్యేకంగా వెతికి చూడండి.

మార్పులను ఫోన్‌లో నోటితో చెప్పొద్దు. పీడీఎఫ్ మీదే గుర్తులు పెట్టి పంపండి. సరిచేసిన ఫైల్ వచ్చాక ఆ గుర్తులతో పాటు వాటి చుట్టుపక్కల లైన్లు కూడా చదవండి, ఒకటి సరిచేస్తుంటే పక్కది జారుతుంది. ఓనర్ "ఓకే" అన్నది ఏ ఫైల్‌కో తెలిసేలా, ఆ ఫైల్‌కే రిప్లైగా వాట్సాప్‌లో ఓకే పెట్టమనండి.

వీలైతే ప్రెస్‌కు వెళ్లి మొదటి షీటు చేతిలోకి తీసుకోండి. చెయ్యి చాచి పట్టుకుని షరతుల లైను చదవగలుగుతున్నారేమో చూడండి. క్యూఆర్ కోడ్‌ను ఆ కాగితం మీంచే స్కాన్ చేయండి. ఫోన్ నంబర్‌ను ఆ కాగితం చూసే ఇంకోసారి డయల్ చేయండి. అవతల షాపులో ఎవరైనా ఎత్తి "హలో" అన్నాక మిషన్ నడపమని చెప్పండి.