జపనీస్ మేపుల్ ఆకులు మాడుతున్నాయా? ముందు చెట్టు మొదలు చూడండి

ఆగస్టు రాగానే న్యూజెర్సీలో మనవాళ్లు అడిగేది ఇదే: ‘ముంగిట్లో బ్లడ్‌గుడ్ (ఎర్రాకుల జపనీస్ రకం) మేపుల్ ఆకుల అంచులు మాడుతున్నాయి, నీళ్లు ఇంకా పెంచాలా?’ పెంచకండి. ముందు మట్టిలోకి వేలు రెండంగుళాలు దించి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్లు పెట్టాలి. పడమటి ఎండ తగిలే వైపే మాడితే అది ఎండదెబ్బ. ఈ చెట్టుకు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ కావాలి.

తడి ఉంది, ఎండ కూడా సరిపోయింది. అయినా ఏటా ఆకు చిన్నదవుతోందా? ఒకవైపు కొమ్మలు అక్టోబరు దాకా ఆగకుండా ఆగస్టులోనే రంగు మారుతున్నాయా? అయితే చెట్టు మొదలు చూడండి. నేను చూడలేదు. మూడు వేసవులు ఎరువులు మారుస్తూ కూర్చున్నాను. చచ్చిన చెట్టును తవ్వితే కాండాన్ని ఒక వేరు ఉరితాడులా బిగించి ఉంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

కాండం నేల దగ్గర వెడల్పై వేళ్లుగా విచ్చుకోవాలి. కరెంటు స్తంభంలా తిన్నగా దిగిపోయిందంటే మొదలు పూడుకుపోయినట్టే. కొన్ని చెట్లు నర్సరీ కుండీలోనే లోతుగా ఉంటాయి. దానికి తోడు మనం ఏటా మల్చ్ (నేలపై పరిచే చెక్కముక్కలు, బెరడు పొట్టు) పుట్టలా పోస్తాం. బెరడు తడిసి కుళ్లుతుంది, వేళ్లకు గాలి ఆడదు, కొత్త వేళ్లు ఆ మల్చ్‌లోకి ఎక్కి కాండాన్ని చుట్టేస్తాయి. వసంతంలో చెట్టు బాగానే చిగురిస్తుంది. ఎండలు ముదిరాక ఆకులు అడిగినంత నీరు పైకి అందదు. అందుకే నీళ్లు చాలలేదని పొరబడతాం.

పార వాడొద్దు, బెరడు చీరుకుపోతుంది. వేళ్లు విచ్చుకునే చోటు కనిపించేదాకా చేత్తోనే మట్టి తీయండి. చుట్టుకున్న సన్నవేళ్లను కత్తిరించండి. లావు వేరైతే ఆర్బరిస్టును, అంటే చెట్ల నిపుణుణ్ణి, పిలవండి. తర్వాత మల్చ్‌ను గారెలా వేయండి: మందం రెండు మూడంగుళాలు, మధ్యలో కాండం చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఫలితం వచ్చే వసంతంలోనో, ఆ తర్వాతి ఏడాదో కనిపిస్తుంది.

ఎరుపు పోయి ఆకుపచ్చ తిరిగితే నీడ ఎక్కువైంది, లేదా లాన్‌కు వేసిన నైట్రోజన్ ఎరువు దీనికీ అందుతోంది. అంటు కట్టిన చోటు కింది నుంచి పచ్చకొమ్మలు లేస్తే మొదలంటా కోసేయండి.

పేనుబంకకు పైపు నీళ్ల ధార చాలు. ఒక్క కొమ్మ హఠాత్తుగా వాడి, కోసిన చోట నల్లచారలు కనిపిస్తే వర్టిసిలియం తెగులు కావచ్చు. దానికి మందు లేదు. ఎండిన కొమ్మ తీసేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.