మిషన్‌లో ఉన్నప్పుడు దేవునికి దగ్గర కావడం ఎలా

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో మిషన్ పిలుపు అందుకున్న ఎల్డర్ (యువ మిషనరీ) 24 నెలలు, సిస్టర్ (యువతి అయిన మిషనరీ) 18 నెలలు ఇల్లు, చదువు, ఉద్యోగం విడిచి సువార్త సేవకు వెళ్తారు. ఛాతీ మీది నల్లని నేమ్‌ట్యాగ్‌లో తమ ఇంటిపేరుతో పాటు క్రీస్తు నామం కూడా ఉంటుంది గనుక దేవుడు తనంతట తానే దగ్గరవుతాడని బయలుదేరే ముందు చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఉత్తరాదిలో సేవ చేసిన మొదటి నాలుగు నెలలూ పగలంతా ఆయన గురించి ఇతరులకు చెప్పి, రాత్రి మోకరించినప్పుడు మాత్రం ఆయనతో చెప్పుకోవడానికి నాలుగు మాటలు దొరక్క లేచిపోయేవాడిని. ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతులను, హైదరాబాద్ నుంచీ ఇతర ఊళ్ల నుంచీ మిషన్‌కు వెళ్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు మీరు కలిసిన వారి పేర్లు, వారిలో ఒకరు అడిగిన, మీరు సరిగా జవాబు చెప్పలేకపోయిన ఒక ప్రశ్న అందులో రాయండి. మరునాడు ఉదయం వ్యక్తిగత పఠనానికి కూర్చున్నప్పుడు, పాఠం చెప్పడానికి పనికివచ్చే వచనాల కోసం వెతకకుండా, ఆ ప్రశ్నతోనే, బైబిలుతో పాటు మన సంఘం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం తెరవండి. ఒక ఇంట్లో, ఏళ్ల తరబడి మంచాన పడిన భర్తకు సేవ చేస్తున్న ఒకావిడ, తన బాధ దేవునికి నిజంగా తెలుసా అని నన్ను అడిగారు. మరునాడు ఆ గ్రంథంలోని ఆల్మా 7వ అధ్యాయం 11, 12 వచనాల్లో, తన జనులను ఎలా ఆదుకోవాలో శరీరరీత్యా తెలుసుకోవడానికే రక్షకుడు వారి నొప్పులను, బలహీనతలను తన మీద వేసుకుంటాడన్న మాట చదివాను. అంతకు ముందు ఎన్నోసార్లు చదివిన వచనాలే అయినా, ఆవిడ ముఖం మనసులో ఉండగా చదివినప్పుడు మొదటిసారి అవి నాతో మాట్లాడినట్లు అనిపించింది.

మీరు బోధించేది హిందీలోనైనా, ఇంగ్లీషులోనైనా, ఈ ఉదయపు పఠనం మాత్రం తెలుగులో చేయండని గట్టిగా చెబుతాను. మన భాషలోకి ఆ గ్రంథం రావడం వెనుక ఒక కుటుంబం ఉంది. సమోవాలో 1977లో బాప్తిస్మం పొందిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి, తమ బంధువులకు సువార్త చెప్పారు. బాప్టిస్టు పాస్టరుగా సేవచేసిన ఎల్సీ గారి తండ్రి పి. శ్రీనివాసం గారు మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. అమ్మతో మాట్లాడే భాషలో చదివిన మాట, అదే భాషలో ప్రార్థనై తిరిగి వస్తుంది.

ప్రార్థన విషయంలో నేను చేసిన పెద్ద పొరపాటు, మిషనరీలందరికీ అలవాటైన వాక్యాలనే రోజూ వల్లించడం. “వెతుకుతున్నవారి దగ్గరకు మమ్మల్ని నడిపించు” అనడంలో తప్పేమీ లేదు, కానీ నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్కొక్కరి పేరే ఎత్తి, వారి ఇంటి సంగతి పరలోక తండ్రితో చెప్పుకున్నప్పుడు ప్రార్థన తీరే మారిపోతుంది. చెప్పడం అయిపోయాక వెంటనే లేవకుండా ఐదు నిమిషాలు మోకాళ్ల మీదే మౌనంగా ఉండి, ఆ సమయంలో మనసుకు తట్టిన దానిని తేదీ వేసి రాసుకోండి. నిజమైన ఉద్దేశంతో అడిగితే పరిశుద్ధాత్మ ద్వారా సత్యం తెలుస్తుందన్న, మోర్మన్ గ్రంథంలోని మొరోనై 10వ అధ్యాయపు వాగ్దానాన్ని ప్రతి గుమ్మంలో ఇతరులకు చెబుతాము. నిజమైన ఉద్దేశం అంటే, జవాబు వస్తే దాని ప్రకారం నడుచుకోవడానికి సిద్ధపడి అడగడమని నేను అర్థం చేసుకున్నాను.

ఇవన్నీ చేస్తున్నా ప్రార్థన గోడకు చెప్పుకున్నట్లే ఉంటే, ముందు మీ కంపానియన్‌తో, అంటే మీకు జతగా సేవ చేసే తోటి మిషనరీతో, మీ సంబంధం ఎలా ఉందో చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ వచ్చేదాకా, అంటే కనీసం ఆరు వారాలు, ఒకే గదిలో ఉండి, ఒకే దారిన నడిచి, ఒకే గిన్నెలో వండుకు తినే ఇద్దరి మధ్య చిన్న విషయాలే పెద్దవవుతాయి. గిన్నెలు ఎవరు తోమాలన్న దాని మీద మేమిద్దరం వారం రోజులు ముక్తసరిగా మాట్లాడుకున్నాము. అర్పణను బలిపీఠం ముందు విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5వ అధ్యాయపు మాట ఆ ఆదివారం ఆరాధనలో సంస్కారపు రొట్టె, నీళ్లు తీసుకోబోయే ముందు గుర్తుకొచ్చి, ఇంటికి రాగానే అడుగంటిన అన్నంతో రెండు రోజులుగా నానుతున్న కుక్కరు తీసుకుని తోమడం మొదలుపెట్టాను. అతను వచ్చి, ఏమీ అనకుండా, నా పక్కనే నిలబడి కడిగిన పళ్లేలను ఒక్కొక్కటే తుడిచి పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి మేమిద్దరం కలిసి చేసిన ప్రార్థనలో కన్నీళ్లు వచ్చాయి.

పనిలో ఫలితం కనబడని రోజుల్లో మన ధ్యాసంతా మన మీదకే మళ్లుతుంది. తర్వాత సంఘ అధ్యక్షుడైన గోర్డన్ బి. హింక్లీ 1933లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో మిషనరీగా నిరుత్సాహపడి ఇంటికి రాస్తే, నిన్ను నీవు మరచిపోయి పనిలో దిగమని తండ్రి జవాబు రాశారు. మోర్మన్ గ్రంథంలో సువార్త చెప్పడానికి వెళ్లిన అమ్మోను కూడా లమోనై రాజు దగ్గర బోధ మొదలుపెట్టకముందే అతని మందలను కాశాడు. అందుచేత వారానికి ఒక్కసారైనా, పాఠం చెప్పే ఆలోచన పెట్టుకోకుండా, ఎవరికో ఒకరికి నీళ్లు మోయడమో, పిల్లలకు లెక్కలు చెప్పడమో చేయండి. బాప్తిస్మాల సంఖ్యను బట్టి దేవునికి మీరెంత దగ్గరయ్యారో కొలవకండి.

ఉపవాసం ఉన్నప్పుడు ఒక్క వ్యక్తి కోసమని నిర్ణయించుకుని, ఆ పేరుతోనే మొదలుపెట్టి ఆ పేరుతోనే ముగించండి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకునే వీలు ఉంది గనుక, ఆ వారం ప్రార్థనకు జవాబుగా మీకు తోచిన ఒక సంగతి అమ్మానాన్నలకు చెప్పండి. బెంగ గాని, నిద్రలేమి గాని వారాల తరబడి వదలకపోతే, విశ్వాసం తగ్గిందని మిమ్మల్ని మీరు నిందించుకోకుండా, వెంటనే మీ మిషనరీల బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్‌కు చెప్పి వైద్యుని కలవండి. ఆ విషయం దాచిపెట్టి బాధపడినవారిని దగ్గరగా చూశాను.

పి-డే (వారంలో సొంత పనులకు ఇచ్చే రోజు) నాడు బట్టలు ఆరేసి వచ్చిన తర్వాత ఒక గంట కూర్చుని, ఆ వారం నోటుపుస్తకంలో రాసిన పేజీలు మొదటి నుంచి చదవండి. ఏ పేరు దగ్గర ఏ జవాబు వచ్చిందో పక్కన చిన్నగా గుర్తు పెట్టి, జవాబు రాని పేర్లను కొత్త వారపు మొదటి పేజీలో మళ్లీ రాసుకోండి.