లక్షల ఫైళ్ల సర్వర్‌లో బ్యాకప్ - పాఠం 3: టైమ్ ఎక్కడ పోతుందో పట్టుకోవడం

పోయిన పాఠంలో ఫైళ్లు లెక్కపెట్టడం దగ్గర ఆగాం. డీఎఫ్ కమాండ్‌కి హైఫన్ ఐ ఇచ్చి ఎన్ని ఐనోడ్లు (ఒక్కో ఫైలు సైజూ టైమూ డేటా చోటూ రాసి ఉంచే చిన్న రికార్డులు) వాడుకలో ఉన్నాయో చూశారు, డీయూకి ఐనోడ్స్ ఆప్షన్ ఇచ్చి ఏ ఫోల్డర్ కింద ఎక్కువ గుంపు ఉందో పట్టుకున్నారు. ఇవాళ ఆ లెక్క పక్కన టైమ్ పెడతాం. ఈ మొత్తం సిరీస్‌లో ఒక్క పాఠమే చదువుతాను అంటే ఇది చదవండి అంటాను, ఎందుకంటే బ్యాకప్ స్లో అనగానే చాలామంది నెట్‌వర్క్ లైన్ పెంచమనో కొత్త సాఫ్ట్‌వేర్ కొనమనో అడుగుతారు, అసలు టైమ్ ఎక్కడ పోతుందో ఎవరూ కొలవరు.

ముందు ఈ లెక్క చూడండి. ఒక మెయిల్ సర్వర్ అనుకోండి, మెయిల్‌డిర్ పద్ధతి, అంటే ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైలు. 40 లక్షల ఫైళ్లు, ఒక్కోటి సగటున 12 కేబీ. మొత్తం 48 జీబీ, అంతే. ఇదే 48 జీబీ ఒకే ఫైలుగా ఉంటే గిగాబిట్ లైన్ మీద ఎనిమిది నిమిషాల్లోపు అయిపోద్ది. కానీ 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో ప్లాటర్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు, కావాల్సిన చోటు హెడ్ కిందకి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, దానిమీద హెడ్ జరగడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు, అన్నీ కలిపితే సెకనుకి ఓ 80 నుంచి 100 చోట్లకి మించి చదవలేదు. ఫైలుకి ఒక్కసారే డిస్క్ దగ్గరికి వెళ్లినా 40 లక్షలకి 40,000 సెకన్లు, అంటే 11 గంటల పైనే. లైన్ పది గిగాబిట్ చేసినా ఈ 11 గంటల్లో నిమిషం తగ్గదు. బియ్యం బస్తాగా ఎత్తడం వేరు, గింజ గింజా ఏరి ఎత్తడం వేరు కదా.

సరే, కొలుద్దాం. ఒకే ఫోల్డర్ మీద నాలుగు కొలతలు, ప్రతిదానికి ముందు టైమ్ అనే కమాండ్ తగిలించండి. ఒక జాగ్రత్త, మొదటిసారి నడిచాక పేర్లూ ఐనోడ్లూ ర్యామ్‌లో ఉండిపోతాయి (దీన్నే క్యాష్ అంటారు), రెండోసారి అదే పని పది రెట్లు ఫాస్ట్‌గా అయినట్టు కనిపిస్తది, అది చూసి సమస్య పోయిందనుకుంటారు. కాబట్టి ప్రతి కొలతకి ముందు సింక్ కొట్టి (ర్యామ్‌లో మిగిలిన రాతల్ని డిస్క్‌కి దించే కమాండ్), ప్రాక్ కింద సిస్ కింద వీఎం కింద ఉండే డ్రాప్ క్యాషెస్‌లోకి 3 అని రాయాలి. పగలు యూజర్లు పనిచేస్తుండగా మాత్రం వద్దు, క్యాష్ అంతా పోయి సర్వర్ కాసేపు అందరికీ నత్తనడక అయిపోద్ది.

మొదటి కొలత, ఉత్త పేర్లు. ఫైండ్‌కి హైఫన్ టైప్ ఎఫ్ ఇచ్చి లెక్క డబ్ల్యూసీలోకి పంపండి. రెండో కొలత కూడా ఫైండే, కానీ ఈసారి సైజు అడగండి, హైఫన్ సైజ్ ప్లస్ సున్నా అని. రెండిటికీ తేడా ఏంటంటే, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఇది ఫైలా ఫోల్డరా అన్న సంగతి డైరెక్టరీ ఎంట్రీలోనే రాసి ఉంటది, అందుకని మొదటి ఫైండ్ ఐనోడ్ జోలికే పోకుండా నడిచిపోద్ది, సైజు కావాలంటే మాత్రం ప్రతి ఫైలుకీ స్టాట్ కాల్ (ఫైలు వివరాలు అడిగే పిలుపు) కొట్టి ఐనోడ్ తెచ్చుకోవాల్సిందే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ప్రతి రాత్రీ చేసేది ఈ రెండోదే, ఫైలు మారిందా లేదా తెలియాలంటే సైజూ మారిన టైమూ చూడాలి కదా.

మూడో కొలత, లోపలి డేటా కూడా చదవడం. ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టే టార్ వాడదాం, ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. టార్ అవుట్‌పుట్‌ని నేరుగా డెవ్ నల్‌కి (ఏం పంపినా పారేసే ఉత్తుత్తి ఫైలు) ఇస్తే గ్నూ టార్ అది కనిపెట్టి ఫైళ్ల లోపల చదవడం మానేస్తది, ఎలాగూ పారేసేదే కదా అని. మీకేమో అబ్బ డిస్క్ భలే ఫాస్ట్ అనిపిస్తది. కాబట్టి టార్ అవుట్‌పుట్‌ని ముందు పైపులో క్యాట్‌కి పంపి, ఆ క్యాట్‌ది డెవ్ నల్‌కి మళ్లించండి, అప్పుడు నిజంగా చదువుద్ది. నాలుగోది మీ అసలు బ్యాకప్, రోజూ నడిచేదే, ఆ ఫోల్డర్ మట్టుకు.

ఇప్పుడు నాలుగు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటికీ రెండోదానికీ మధ్య పెద్ద గ్యాప్ ఉంటే ఐనోడ్ల దగ్గర ఆగుతున్నారు. నా దృష్టిలో ఎక్కువ సర్వర్ల జబ్బు ఇదే, అందుకే ఇక్కడ కాస్త కూర్చుందాం. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ 256 బైట్లు, 4 కేబీ బ్లాక్‌లో 16 పడతాయి. 40 లక్షల ఐనోడ్లంటే రెండున్నర లక్షల బ్లాకులు, వరసగా చదివితే బ్లాకుకి ఒక్కసారి చొప్పున వేసుకున్నా 42 నిమిషాల్లో అయిపోవాలి. కానీ పెద్ద డైరెక్టరీలో పేర్లు హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టిన నంబరు) వరసలో బయటికొస్తాయి, ఐనోడ్ నంబర్ల వరసలో కాదు. ఆ వరసలోనే స్టాట్ కొట్టుకుంటూ పోతే హెడ్ ఇటు చివర్నుంచి అటు చివరకి ఎగురుతుంటది, చదివిన బ్లాక్ ర్యామ్‌లో నిలవకపోతే అదే బ్లాక్‌ని మళ్లీ మళ్లీ తెస్తుంటది. టార్ వాడేవాళ్లకి సార్ట్ ఈక్వల్స్ ఐనోడ్ అనే ఆప్షన్ ఉంది, హార్డ్ డిస్క్ మీద ఒకసారి పెట్టి చూడండి, ఇంకేం మార్చకుండానే తేడా తెలుస్తది.

రెండో మందు ర్యామ్. కెర్నల్ ర్యామ్ వాడకం చూపించే స్లాబ్‌టాప్ తెరిస్తే డెంట్రీ (ఫైళ్ల పేర్ల క్యాష్), ఈఎక్స్‌టీ4 ఐనోడ్ క్యాష్ అని రెండు లైన్లు కనిపిస్తాయి. ఒక్కో ఫైలుకి ఐనోడ్ వైపు సుమారు 1 కేబీ, డెంట్రీ వైపు ఓ 200 బైట్లు, అంటే 40 లక్షల ఫైళ్లకి ఐదు జీబీకి కాస్త అటూఇటూ. 4 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో అది పట్టే ప్రసక్తే లేదు, ప్రతి రాత్రీ మొదటి రాత్రే. ర్యామ్ ఉన్నవాళ్లు వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెషర్ అనే కెర్నల్ సెట్టింగ్‌ని మామూలు 100 నుంచి 50కి దింపి చూడొచ్చు, కెర్నల్ ఐనోడ్లని కొంచెం గట్టిగా పట్టుకుని ఉంటది. సున్నా మాత్రం పెట్టకండి, మెమరీ అయిపోయి సర్వరే పడిపోవచ్చు.

మూడో కొలత దగ్గర గ్యాప్ పెద్దదైతే డేటా చదవడమే భారం. అలా అయితే రోజూ అన్నీ ఎందుకు చదువుతున్నారో చూడండి, మారిన ఫైళ్లని మాత్రమే కాపీ చేసే ఆర్‌సింక్‌లో హైఫన్ సీ పెట్టేసి ఉంటారు చాలామంది, అది రెండు వైపులా ప్రతి ఫైలూ మొత్తం చదివి చెక్‌సమ్ (పోల్చుకోడానికి లోపలి డేటాతో కట్టే నంబరు) కట్టుద్ది. జాగ్రత్త కోసమే పెట్టుంటారు, కానీ దాన్ని నెలకోసారి ఆదివారం నడపండి, రోజూ వద్దు. ఇంకో కారణం, మొదటిసారి కాపీ చేసినప్పుడు హైఫన్ ఏ లేకుండా చేసి టైమ్‌లు అటువైపుకి పోకపోవడం, దాంతో ప్రతి ఫైలూ మారినట్టే కనిపిస్తది.

మొదటి మూడూ చిన్నవే, నాలుగోది మాత్రం కొండంత ఉంటే చూపు అటువైపు తిప్పండి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఏంటంటే, నాస్ బాక్స్‌ని (నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజ్ పెట్టె) ఎన్ఎఫ్ఎస్‌తో మౌంట్ చేసి, అంటే మామూలు ఫోల్డర్‌లా తగిలించి, దానిమీదకి ఆర్‌సింక్ కొట్టడం. ఆర్‌సింక్ దృష్టిలో రెండూ లోకల్ ఫోల్డర్లే, అటువైపు ఫైళ్ల స్టాట్‌లు కూడా ఒక్కొక్కటిగా లైన్ మీద వెళ్లొస్తాయి. వెళ్లి రావడానికి అర మిల్లీసెకను పట్టే ఆఫీస్ నెట్‌వర్క్‌లో 40 లక్షలకి 2,000 సెకన్లు, పర్లేదు, అదే 20 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న వేరే ఊరి డేటా సెంటర్ అయితే 80,000 సెకన్లు, 22 గంటలు. మౌంట్ తీసేసి ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) ద్వారానో ఆర్‌సింక్ డెమన్‌గానో (అటువైపు ఎప్పుడూ నడుస్తుండే సర్వీసు) నడిపితే అటు మెషీన్‌లో ఇంకో ఆర్‌సింక్ లేచి తన స్టాట్‌లు తనే కొట్టుకుంటది, లైన్ మీద లిస్ట్ మాత్రమే నడుస్తది. ఒక్క పైసా ఖర్చు లేని మార్పు.

మెయిల్ సర్వర్ వాళ్లకి ఇంకోటి. మెయిల్‌డిర్‌లో యూజర్ మెయిల్ చదవగానే ఫైలు న్యూ ఫోల్డర్ నుంచి కర్ ఫోల్డర్‌కి మారి పేరు చివర కోలన్, 2, కామా, ఎస్ అని చేరుతుంది. లోపల అక్షరం మారదు, అయినా ఆర్‌సింక్‌కి అది పాతది పోయి కొత్తది వచ్చినట్టే, మళ్లీ మొత్తం పంపుద్ది. ఫ్లాగ్ (చదివింది, జవాబిచ్చింది లాంటి గుర్తు) మారినా అంతే. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లైతే ఆర్‌సింక్ బదులు డవ్ఆడ్మ్ బ్యాకప్ వాడండి, దానికి మెయిల్ అంటే ఏంటో తెలుసు.

కొలతలకి తోడు నడుస్తున్న ఆర్‌సింక్‌ని దగ్గర్నుంచి చూడాలంటే రెండు కిటికీలు. ఒకటి, ఇన్ఫో ఈక్వల్స్ ప్రోగ్రెస్2 అనే ఆప్షన్. లైన్ చివర ఐఆర్ సీహెచ్‌కే అని ఉన్నంతసేపూ అది ఇంకా ఫోల్డర్లన్నీ తిరిగి లిస్ట్ కడుతూనే ఉంది, టూ సీహెచ్‌కే అని మారితే లిస్ట్ పూర్తయింది. లిస్ట్ తయారవుతూనే కాపీ సాగడం 2008లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఉంది, కానీ డిలీట్ బిఫోర్, డిలీట్ ఆఫ్టర్ లాంటివి పెడితే అది ఆగిపోద్ది, మొత్తం లిస్ట్ ర్యామ్‌లో కట్టాకే కదులుద్ది. డిలీట్ డ్యూరింగ్‌కి మార్చుకోండి. రెండో కిటికీ ఎస్‌ట్రేస్, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని పిలిచే పిలుపులన్నీ లెక్కేసే కమాండ్, హైఫన్ సీ, హైఫన్ ఎఫ్, హైఫన్ డబ్ల్యూ, హైఫన్ పీ, ఆ ప్రాసెస్ నంబర్, ఒక నిమిషం చాలు. ఆ డబ్ల్యూ మర్చిపోవద్దు, అది లేకపోతే సీపీయూ టైమే లెక్కేస్తది, డిస్క్ కోసం ఎదురుచూసిన టైమ్ కనపడదు, మనకి కావాల్సింది సరిగ్గా ఆ ఎదురుచూపే. స్టాట్ కాల్ పక్కన ఒక్కో కాల్‌కి పట్టిన మైక్రోసెకన్లు వేలల్లో ఉంటే డిస్క్ దగ్గరికి పోతుందని, ఒకటి రెండు అంకెల్లో ఉంటే ర్యామ్‌లోంచి వస్తుందని.

నాలుగు ఆర్‌సింక్‌లు ఒకేసారి నడపాలా అని చాలామంది అడుగుతారు. ఎస్ఎస్‌డీ మీదా, దూరం లైన్ మీదా నడపండి, బాగా పనిచేస్తది. ఒంటరి హార్డ్ డిస్క్ మీద వద్దు, ఉన్న ఒక్క హెడ్ కోసం నలుగురు కొట్టుకుంటారు.

హోంవర్క్. లక్ష ఫైళ్లకి తగ్గని ఒక ఫోల్డర్ తీసుకుని నాలుగు కొలతలూ రాసుకోండి, పక్కనే డిస్క్ రకం, ర్యామ్ ఎంత, అటువైపు మౌంటా ఎస్ఎస్‌హెచ్చా అన్నది కూడా. ఐదో కొలత ఒకటి నేనే కలుపుతున్నా, అదే ఫోల్డర్‌ని బ్యాకప్ నుంచి ఖాళీ డిస్క్ మీదకి వెనక్కి తెచ్చి టైమ్ చూడండి, ఎందుకంటే ఫైళ్లు పుట్టించడం కూడా ఒక్కోటి ఒక్కో పనే, సర్వర్ పోయిన రోజు మేనేజర్ అడిగేది ఆ నంబరే. పాఠం 4లో ఫైళ్ల జోలికే పోకుండా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితి) తీసి జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని సెండ్ కమాండ్‌తో బ్లాకులు పంపడం చూస్తాం, అప్పుడు ఈ ఐదు నంబర్లతోనే పోల్చుకోవాలి, పారేయకండి.