ఇంటి రేడియేషన్ మీటర్ తేడాగా చూపిస్తే వాలంటీర్ ఏం చేయాలి?

ఇంట్లో గైగర్ కౌంటర్ (లోపలి ట్యూబుతో రేడియేషన్‌ని లెక్కించే మీటర్) పెట్టుకుని రీడింగులు నమోదు చేసే వాలంటీర్‌కి ఎదురయ్యేవి ఎక్కువగా ఉత్తుత్తి అలారాలే. సమస్య ఏదైనా ఒక నియమం మాత్రం మారదు: తేడాగా వచ్చిన రీడింగును చెరిపేయకూడదు. పక్కన కారణం రాయండి. తెలియకపోతే "కారణం తెలియదు" అని రాయండి, అదీ పనికొచ్చే సమాచారమే.

సమస్య: నిమిషానికో అంకె చూపిస్తోంది

మీటర్ బాగానే ఉంది. రేడియేషన్ వెదజల్లే పరమాణువులు ఎప్పుడు విచ్ఛిన్నమవుతాయన్నది యాదృచ్ఛికం. నిమిషానికి సగటున 25 కౌంట్లు (ట్యూబుకు రేడియేషన్ తగిలిన లెక్క) వచ్చే చోట ఒకసారి 20, ఇంకోసారి 30 రావడం మామూలే. పది నిమిషాలు కలిపి లెక్కిస్తే ఈ ఊగిసలాట 20 శాతం నుంచి సుమారు 6 శాతానికి దిగుతుంది. ఒక్క నిమిషం రీడింగు చూసి ఎవరికీ ఫోన్ చేయకండి.

సమస్య: వాన పడగానే రీడింగు పెరిగింది

కొత్త వాలంటీర్లకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు గాలిలో విచ్ఛిన్నమై సీసం-214, బిస్మత్-214గా మారుతుంది. ఇవి దుమ్ముకు అంటుకుని ఉంటాయి, వాన వాటిని కిందికి దింపుతుంది. వాటి అర్ధ జీవిత కాలం, అంటే సగం కావడానికి పట్టే సమయం, వరుసగా సుమారు 27, 20 నిమిషాలు. అందుకే వాన వెలిసిన రెండు మూడు గంటల్లో రీడింగు మళ్లీ మామూలుకొస్తుంది.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష ఉంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, అప్పుడే తడిసిన కారు పైకప్పును టిష్యూ పేపర్‌తో తుడవండి. దాన్ని మీటర్ కిటికీకి (రేడియేషన్ లోపలికి వెళ్లే పలచని భాగానికి) దగ్గరగా, కానీ తాకకుండా పెట్టి పది నిమిషాలకోసారి కౌంట్లు రాయండి. మామూలు కౌంటు తీసేయగా మిగిలింది అరగంట, నలభై నిమిషాలకోసారి సగమవుతూ పోతే అది రేడాన్ సంతానమే, అంటే రేడాన్ విచ్ఛిన్నమై పుట్టిన ఆ సీసం, బిస్మత్‌లే. అణు ప్రమాదాల్లో వెలువడే అయోడిన్-131 సగం కావడానికి 8 రోజులు, సీజియం-137కి 30 ఏళ్లు పడుతుంది కాబట్టి అవి సాయంత్రానికల్లా మాయం కావు. మందపాటి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉన్న ట్యూబుతో ఈ పరీక్ష సరిగా తేలదు. లాగ్‌లో వాన మొదలైన టైమ్, ఆగిన టైమ్ తప్పక రాయండి.

సమస్య: వాన లేదు, అయినా కాసేపు ఎగసి తగ్గింది

న్యూక్లియర్ స్కాన్ (ఒంట్లోకి కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసేది) చేయించుకున్న మనిషి దగ్గర్లోకి వచ్చి ఉండొచ్చు. ఆ స్కాన్లలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం అర్ధ జీవిత కాలం 6 గంటలు. "వైద్య కారణం కావచ్చు" అని రాస్తే చాలు. ఎవరు, ఏ జబ్బు అని ఆరా తీయడం వాలంటీర్ పని కాదు, లాగ్‌లో పేరు రాయడం అసలే కాదు.

సమస్య: పక్కింటి మీటర్‌తో పోలడం లేదు

ట్యూబు రకాన్ని బట్టి కౌంట్లు మారతాయి. వాటిని మైక్రోసీవర్టులుగా (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మార్చే గుణకం కూడా సాధారణంగా సీజియం-137 మీద లెక్కగట్టిందే. అందుకే ముడి కౌంట్లు, ట్యూబు మోడల్, చోటు మూడూ రాయాలి. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత పుట్టిన సేఫ్‌కాస్ట్ అనే పౌర రేడియేషన్ కొలతల బృందం వాలంటీర్లు కూడా కౌంట్లను జీపీఎస్‌తో కలిపి నమోదు చేస్తారు. మీటర్‌ని గోడకు దూరంగా, నేలకు మీటరు ఎత్తులో పెట్టండి. గ్రానైట్ పలక మీద పెడితే ఆ రాయి నుంచి వచ్చే రేడియేషన్‌నే కొలుస్తున్నట్టు.

సమస్య: సున్నా, లేదా మరీ తక్కువ

ముందు బ్యాటరీ మార్చండి. చాలా ట్యూబులకు సుమారు 400 వోల్టులు కావాలి, అది పడిపోతే కౌంట్లూ పడిపోతాయి. అయితే రీడింగు వేగంగా ఎగబాకి, ఆ వెంటనే సున్నా చూపిస్తే దాన్ని క్షేమం అనుకోవద్దు. తీవ్రమైన రేడియేషన్‌లో కొన్ని ట్యూబులు ఉక్కిరిబిక్కిరై లెక్కించడం మానేస్తాయి. అక్కడి నుంచి వెంటనే దూరంగా వెళ్లి అధికారుల అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

సమస్య: గంటలు గడిచినా తగ్గలేదు, కారణం దొరకలేదు

బ్యాటరీ మార్చి, మీటర్‌ని ఇంకో గదిలో పెట్టి, వీలైతే మరో వాలంటీర్ రీడింగుతోనూ ప్రభుత్వ నెట్‌వర్క్ అంకెలతోనూ పోల్చండి. అప్పటికీ ఎక్కువగానే ఉంటే టైమ్, చోటు, ముడి కౌంట్లు, ట్యూబు మోడల్ అన్నీ అధికారుల అత్యవసర నంబరుకు చెప్పండి. స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకండి. ఇల్లు ఖాళీ చేయాలా, అయోడిన్ మాత్ర వేసుకోవాలా అన్నది అధికారులు చెప్పేదాకా ఎవరికీ సలహా ఇవ్వకండి, లాగ్ రాస్తూనే ఉండండి.