ఎయిర్ ఫ్రయర్‌లో బెండకాయ చివరికి కరకరలాడింది

బెండకాయ వేపుడు ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే నాకు ప్రతిసారీ ఒకటే ఫలితం: అంచులు మాడేవి, లోపల జిగురు అలాగే ఉండేది. వేడి పెంచాను, నూనె పెంచాను, సమయం పెంచాను, బుట్టలో కాగితం పరిచాను; ఏదీ పనిచేయలేదు.

తప్పు యంత్రానిది కాదు, ఉప్పుది. ముక్కలకు ముందే ఉప్పు పట్టించేదాన్ని. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు.

ఇప్పుడు పావు కిలో లేత కాయలను కోయకముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరబెడతాను. తొడిమలు తీసి నిలువుగా నాలుగు చీలికలు చేస్తాను. ముందు 2 చెంచాల నూనె పట్టించి, ఆ తర్వాతే 2 చెంచాల శనగపిండి, ఒక చెంచా బియ్యప్పిండి చల్లుతాను. ఈ వరుస తిరగబడితే పిండి పొడిపొడిగా రాలి అడుగున మాడుతుంది. బుట్టను 180 డిగ్రీల వద్ద 3 నిమిషాలు ఖాళీగా వేడిచేసి, ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరుస్తాను. రెండు వాయలు పడతాయి, ఓపిక పట్టాలి. 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదపాలి. చివర 200 వద్ద మరో 2 నిమిషాలు. ఉప్పు, కారం, వేయించిన పల్లీలు బయటికి తీశాకే.

నాది 4 లీటర్ల బుట్ట. మీ యంత్రంలో సమయం అటూ ఇటూ కావచ్చు. దొండకాయకు ఇదే చేస్తే మెత్తగానే వచ్చింది. పెళ్లిభోజనాల్లో నూనెలో వేగిన బెండకాయ రుచి దీనికి రాదు. మా అత్తగారు మొదటి ముక్కకే ఆ మాట అన్నారు. పళ్లెం మాత్రం ఖాళీ చేశారు.