పలాస జీడిపప్పుకు గూగుల్ ప్రకటన: డబ్బు ఎక్కడ కారిపోతుంది

రోజు బడ్జెట్ 200 రూపాయలు పెడితే ఏదో ఒక రోజు 400 దాకా ఖర్చవుతుంది. నెలకు మాత్రం 30.4 రెట్లు, అంటే 6,080 దాటదు. కంగారుపడి ఆపేయకండి.

అసలు నష్టం కీవర్డ్‌ల దగ్గరే, అంటే ఏ మాటలు వెతికితే ప్రకటన కనబడాలని మీరు ఎంచుకుంటారో ఆ మాటల దగ్గర. ఉత్త ‘జీడిపప్పు’ అని బ్రాడ్ మ్యాచ్‌లో (దానికి సంబంధమున్న ఏ వెతుకులాటకైనా ప్రకటన చూపే పద్ధతి) వదిలేస్తే, జీడిపప్పు పాకం ఎలా చేయాలో వెతికేవాళ్లూ, జీడి ఫ్యాక్టరీలో పని వెతుక్కునేవాళ్లూ క్లిక్ చేస్తారు. ఆ డబ్బు మీదే. ‘పలాస జీడిపప్పు కిలో ధర’ లాంటివి ఫ్రేజ్ మ్యాచ్‌లో (ఆ మాటల అర్థం ఉన్న వెతుకులాటలకే చూపే పద్ధతి), తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెట్టండి. ‘తయారీ’, ‘ఉద్యోగాలు’, ‘మెషిన్’ నెగెటివ్ కీవర్డ్‌లుగా (ఈ మాటలుంటే ప్రకటన చూపొద్దని) చేర్చండి. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు (జనం నిజంగా వెతికిన మాటల జాబితా) చూసి ఆ జాబితా పెంచాలి, ఇది తప్పదు.

డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర వెబ్‌సైట్లలో, యాప్‌లలో ప్రకటన చూపడం) టిక్కు తీసేయండి. కాశీబుగ్గ కొట్టుకు వచ్చేవాళ్లే కావాలంటే లొకేషన్‌లో ‘ప్రెజెన్స్’ (ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకు, తరచూ ఉండేవాళ్లకు మాత్రమే చూపడం) ఎంచుకోండి.

మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లోనూ కనబడాలంటే ఇదే ప్రచారాన్ని మైక్రోసాఫ్ట్ యాడ్స్‌లోకి ఇంపోర్ట్ చేయొచ్చు. బడ్జెట్ కూడా వెంట వస్తుంది, ముందు తగ్గించండి.