ప్రోగ్రాము మాత్రమే పాతగా కనిపిస్తోందా? బూడిద రంగు బటన్ల వెనుక ఉన్న కారణాలు

పోర్టు దారిలో వే బ్రిడ్జి దగ్గర లారీ బరువు స్లిప్పు తీసే ప్రోగ్రాము, ఆటోనగర్ వర్క్‌షాపులో జాబ్ కార్డు రాసే ప్రోగ్రాము, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్టులో బిల్లు కొట్టే ప్రోగ్రాము. విశాఖలో ఇలాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఎన్ని నడుస్తున్నాయో రుషికొండ కొండ మీది ఐటీ భవనాల్లో కూర్చుంటే తెలియదు. నా దగ్గరకు మరమ్మతుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం వీబీ6 (విజువల్ బేసిక్ 6) భాషలోనో, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ తొలినాళ్ల వెర్షన్లలోనో రాసినవే. లెక్క తప్పవు, ఆగిపోవు. యజమాని విండోస్ 11 కంప్యూటర్ కొన్నప్పుడు మాత్రం ఫోను వస్తుంది: "అన్నీ కొత్తగా ఉన్నాయి సార్, మన సాఫ్ట్‌వేర్ ఒక్కటే పాతికేళ్ల నాటిదిలా ఉంది."

వెంటనే కోడ్ తెరిచి బటన్లకు నీలం, ఆకుపచ్చ రంగులు పూయడం మొదలుపెట్టే కుర్రవాళ్లను చూశాను. దానివల్ల రోగం ముదురుతుంది. ఎందుకో కింద చెబుతాను. కోడ్ జోలికి పోకముందే చూడవలసింది ఒకటుంది: ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు విండోస్ దానికి కామ్‌సీటీఎల్32 అనే ఫైలు ఏ వెర్షన్‌ది ఇచ్చింది?

బటన్లు, జాబితాలు, ట్యాబులు, ప్రోగ్రెస్ బార్ల వంటి వాటిని (వీటినే కంట్రోల్స్ అంటారు) గీసే డీఎల్ఎల్, అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైలు, అది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో దాని 6వ వెర్షన్ వచ్చింది, కంట్రోల్స్‌కు కొత్త రూపమిచ్చే విజువల్ స్టైల్స్ (థీమ్) అందులోనే ఉన్నాయి. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని 5.82 వెర్షన్‌ను కూడా పక్కనే ఉంచారు. నాకు 6వ వెర్షన్ కావాలని ప్రోగ్రాము తనంతట తాను చెప్పాలి, లేకపోతే 5.82 చేతికి వస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. విండోస్ 11లోనూ ఇదే పద్ధతి. అందుకే కంప్యూటర్ ఎంత కొత్తదైనా ప్రోగ్రాము ముఖం మారదు.

చూసే పద్ధతి ఇది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, మీ ప్రోగ్రామును ఎంచుకుని, కంట్రోల్, డి కలిపి నొక్కితే కింద డీఎల్ఎల్‌ల జాబితా వస్తుంది. అందులో కామ్‌సీటీఎల్32 ఏ ఫోల్డరు నుంచి వచ్చిందో చదవండి. ఫోల్డరు పేరులో 6.0 ఉంటే అడిగింది అందినట్టే, లోపం మీ కంట్రోల్స్‌లో ఉంది. 5.82 ఉంటే అడగడమే జరగలేదు, లేదా అడిగిన మాట విండోస్‌కు చేరలేదు. రెండూ ఉంటే ప్రోగ్రాములో ఒక భాగం కొత్తది, మరో భాగం పాతది వాడుతోంది. ఈ ఒక్క చూపుతో సగం ఊహాగానాలు పోతాయి.

అన్ని బటన్లూ పాతవే, జాబితాలో 5.82 మాత్రమే ఉంది

కారణం: మానిఫెస్ట్ లేదు. మానిఫెస్ట్ అంటే చిన్న ఎక్స్ఎంఎల్ పాఠం. అందులో మైక్రోసాఫ్ట్ విండోస్ కామన్ కంట్రోల్స్, వెర్షన్ 6.0.0.0 మీద ఆధారపడుతున్నానని రాసి ఉండాలి. దానితోపాటు 6595తో మొదలయ్యే 16 అంకెల, అక్షరాల పబ్లిక్ కీ టోకెన్ కూడా ఉండాలి. టోకెన్‌ను చేత్తో కొట్టకండి. మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్ నుంచి యథాతథంగా తీసుకోండి.

దీన్ని పెట్టడానికి రెండు చోట్లున్నాయి. ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రాము ఫైలు, లోపల రిసోర్సుగా (అందులో ఇమిడిన అదనపు సమాచారంగా) పెడితే రకం 24, సంఖ్య 1 ఇవ్వాలి. సంఖ్య వేరేది ఇస్తే రిసోర్సు ఉంటుంది గానీ విండోస్ పట్టించుకోదు. రెండో చోటు బయట: ఈఎక్స్ఈ పూర్తి పేరుకు చివర చుక్క, మానిఫెస్ట్ అని చేర్చిన ఫైలును అదే ఫోల్డరులో ఉంచడం. సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రాములకు ఇదే దిక్కు. మన ఊళ్లో అలాంటివి తక్కువేమీ కాదు, రాసినవారు ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటారు.

బయటి ఫైలుతో రెండు చిక్కులు. ఈఎక్స్ఈ లోపల ఇప్పటికే ఏదో ఒక మానిఫెస్ట్ ఉంటే ఇప్పటి విండోస్ బయటిదాన్ని చదవదు. రెండోది మరీ చికాకు పెట్టేది. విండోస్ ఒకసారి చూసిన సంగతిని గుర్తుపెట్టుకుంటుంది. మానిఫెస్ట్ లేనప్పుడు ప్రోగ్రామును ఒకసారి నడిపి, తర్వాత ఫైలు చేరిస్తే, ఈఎక్స్ఈ తేదీ మారలేదు కాబట్టి మళ్లీ వెతకదు. అంతా సరిగ్గా పెట్టినా మార్పు కనిపించకపోతే కారణం సాధారణంగా ఇదే. ఈఎక్స్ఈ ఫైలు మార్పు తేదీ కొత్తదయ్యేలా చేయండి, లేదా ప్రోగ్రాము మొత్తాన్ని కొత్త ఫోల్డరులోకి కాపీ చేసి అక్కడి నుంచి నడపండి.

మానిఫెస్ట్ పెట్టాక ప్రోగ్రాము తెరుచుకోవడమే మానేసింది

సైడ్ బై సైడ్ కాన్ఫిగరేషన్ సరిగా లేదనే సందేశం, 14001 అనే ఎర్రర్ సంఖ్య వస్తాయి. ఎక్స్ఎంఎల్‌లో తప్పుంది. ఎక్కువగా మూడు తప్పులు దొరుకుతాయి. పీడీఎఫ్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేసినప్పుడు నిటారు కోట్ గుర్తుల స్థానంలో వంకర కోట్‌లు వస్తాయి. మొదటి పంక్తికి ముందు ఖాళీ పంక్తి మిగిలిపోతుంది. ప్రాసెసర్ రకం దగ్గర ఎక్స్86 అని రాసి 64 బిట్ ప్రోగ్రాముకు పెడతారు. ఆ మూడోదానికి మందు ఒక్క నక్షత్రం గుర్తు. అది రాస్తే రెండింటికీ పనికొస్తుంది.

కంటికి తప్పు దొరకకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో సైడ్ బై సైడ్ పేరుతో వచ్చిన నమోదు చదవండి, పంక్తి సంఖ్యతో సహా చెబుతుంది. ఇంకా లోతుకు వెళ్లాలంటే విండోస్‌తోనే వచ్చే ఎస్ఎక్స్ఎస్ ట్రేస్ ఉంది.

వీబీ6 ప్రోగ్రాము: ఇక్కడ కాస్త ఆగాలి

వీబీ6 వచ్చింది 1998లో. అంటే విజువల్ స్టైల్స్ కంటే ముందు పుట్టిన భాష. అయినా దానితో రాసిన ప్రోగ్రాములకు కొత్త ముఖం ఇవ్వవచ్చు, ఓపిక ఉంటే.

ఎఫ్5 నొక్కి చూసి, పనిచేయలేదని తేల్చేయకండి. అప్పుడు నడుస్తున్నది మీ ఈఎక్స్ఈ కాదు, వీబీ6 సొంత ఈఎక్స్ఈ. మీ మానిఫెస్ట్ దానికి వర్తించదు. కంపైల్ చేశాకే తీర్పు చెప్పాలి.

రిసోర్సుగా పెట్టే మానిఫెస్ట్ పొడవు నాలుగు బైట్ల గుణిజంగా ఉండాలి. తక్కువ పడితే ఎక్స్ఎంఎల్‌లో ఖాళీలు చేర్చి సరిచేయండి. ఇది తెలియక మానిఫెస్ట్ పాఠాన్నే పదే పదే మార్చి విసిగిపోయేవారున్నారు.

ఎక్స్‌పీలో ఫామ్ (ప్రోగ్రాము కిటికీ) కనిపించకుండానే ప్రోగ్రాము మూసుకుపోతే, కంట్రోల్స్ తయారయ్యేలోపు డీఎల్ఎల్‌ను సిద్ధం చేయలేదన్నమాట. ప్రోగ్రాము ఫామ్‌తో కాకుండా సబ్ మెయిన్‌తో (అన్నిటికంటే ముందు నడిచే కోడ్‌తో) మొదలయ్యేలా మార్చి, అందులో మొట్టమొదట ఇనిట్‌కామన్‌కంట్రోల్స్‌ను పిలిచి, ఆ తర్వాతే ఫామ్ చూపించాలి. యూజర్ కంట్రోల్స్ ఉన్న ప్రోగ్రాము మూసేటప్పుడు కూలిపోతుంటే, ఇనిట్‌కామన్‌కంట్రోల్స్ కంటే ముందు షెల్32 డీఎల్ఎల్‌ను లోడ్ చేయండి, సర్దుకుంటుంది.

బటన్లు మారాయి గానీ టూల్‌బార్, లిస్ట్‌వ్యూ, ట్రీవ్యూ మారలేదంటే ఓసీఎక్స్ (కంట్రోల్స్ ఉండే విడి ఫైలు) సంగతి చూడాలి. వీబీ6తో వచ్చిన ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ తన గీతలు తానే గీసుకుంటుంది, విండోస్ డీఎల్ఎల్‌ను అడగదు. దానికంటే పాతదైన 5.0 వెర్షన్ ఓసీఎక్స్ మాత్రం విండోస్‌నే అడుగుతుంది కాబట్టి దానికి కొత్త రూపం వస్తుంది! పాతదానికి మారితే కొత్తగా కనిపించడం విడ్డూరమే, కానీ నిజం. మార్చేముందు మీరు వాడుతున్న లక్షణాలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫ్రేము లోపలి ఆప్షన్ బటన్ల వెనుక నల్లటి మచ్చలు పడటం వీబీ6లో మామూలు. ఫ్రేములో అంచులు లేని పిక్చర్ బాక్స్ ఒకటి పెట్టి, ఆ బటన్లను అందులోకి మార్చండి. స్టైల్ గ్రాఫికల్‌గా ఉన్న బటన్‌కు మాత్రం కొత్త రూపం రాదు. బొమ్మ కావాలా, కొత్త రూపం కావాలా తేల్చుకోవాల్సిందే.

ఒక మాట. వే బ్రిడ్జి కాటా దగ్గర ఎండలో, దుమ్ములో పనిచేసే ఆపరేటరుకు బటన్ ఎక్కడుందో చేతికి అలవాటై ఉంటుంది. రూపం మార్చండి గానీ స్థానాలు కదపకండి. బరువు అంకెల పెట్టె జోలికి అసలు పోవద్దు.

డాట్‌నెట్ విన్‌ఫామ్స్‌లో బటన్లు పాతగా ఉన్నాయి

విన్‌ఫామ్స్ అంటే డాట్‌నెట్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే పద్ధతి. ఇక్కడ మానిఫెస్ట్ తప్పనిసరి కాదు. అప్లికేషన్ తరగతిలోని ఎనేబుల్‌విజువల్‌స్టైల్స్ పిలుపు చాలు. కానీ వరుస ముఖ్యం. మెయిన్‌లో మొదటి పంక్తి అదే కావాలి. దానికి ముందే లాగిన్ ఫామ్‌ను తయారు చేస్తే గొడవ మొదలవుతుంది. డాట్‌నెట్ 6 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో అప్లికేషన్‌కాన్ఫిగరేషన్ ఇనిషియలైజ్ అనే ఒక్క పిలుపులోనే ఇది ఇమిడి ఉంటుంది. పాత కోడ్‌ను కొత్త ప్రాజెక్టులోకి తెచ్చేటప్పుడు ఆ పంక్తి పోకుండా చూసుకోండి. వీబీ డాట్‌నెట్‌లో అయితే ప్రాజెక్టు లక్షణాల్లో విజువల్ స్టైల్స్ టిక్కు ఉంటుంది. అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్ టిక్కు తీసేసి సబ్ మెయిన్‌తో మొదలుపెడితే అది పనిచేయదు, ఆ పిలుపు మీరే రాయాలి.

కొన్ని బటన్లే చదునుగా, మౌస్ పెట్టినా స్పందన లేకుండా ఉంటే, పైన చెప్పిన రంగుల పిచ్చి గుర్తు తెచ్చుకోండి. బటన్‌కు బ్యాక్‌కలర్ ఇచ్చిన క్షణంలో యూజ్‌విజువల్‌స్టైల్‌బ్యాక్‌కలర్ అనే లక్షణం ఫాల్స్ అయిపోతుంది, థీమ్ నింపవలసిన చోట మీ రంగు నిండుతుంది. రంగును తిరిగి బూడిదకు మార్చినా ఆ లక్షణం వెనక్కి రాదు. దాన్నే ట్రూ చేయాలి. ట్యాబ్ పేజీలకూ ఇదే లక్షణం ఉంది.

ప్రోగ్రెస్ బార్‌కు ఎరుపు ఇచ్చినా విండోస్ రంగులోనే వస్తోందంటే అది లోపం కాదు. థీమ్ ఉన్నప్పుడు ఆ రంగుకు విలువ లేదు. తప్పదనుకుంటే ఆ ఒక్క కంట్రోల్‌కు సెట్‌విండోథీమ్‌ను ఖాళీ పేర్లతో పిలిచి థీమ్ తీసేయవచ్చు. నా మాట అడిగితే వదిలేయమంటాను. అదే పిలుపును ట్రీవ్యూ, లిస్ట్‌వ్యూలకు ఎక్స్‌ప్లోరర్ అనే పేరుతో వాడండి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో లాంటి ఎంపిక రంగు వస్తుంది. ఇది విస్టా నుంచి ఉంది.

డబ్ల్యూపీఎఫ్ ప్రోగ్రాము అందంగానే ఉంది, సందేశం పెట్టె మాత్రం పాతది

డాట్‌నెట్‌లోనే మరో పద్ధతి అయిన డబ్ల్యూపీఎఫ్ తన కంట్రోల్స్‌ను తానే గీస్తుంది, సందేశం పెట్టెను మాత్రం విండోస్ గీస్తుంది. విజువల్ స్టూడియోలో ప్రాజెక్టుకు అప్లికేషన్ మానిఫెస్ట్ ఫైలు చేర్చండి. కామన్ కంట్రోల్స్ భాగం అందులో ముందే రాసి ఉంటుంది, వ్యాఖ్యగా మూసి ఉంటుంది. వ్యాఖ్య గుర్తులు తీసేస్తే చాలు.

ఆర్డినల్ 345 దొరకలేదంటోంది

కామ్‌సీటీఎల్32లో టాస్క్ డైలాగ్ అనే సందేశం పెట్టెకు ఇచ్చిన సంఖ్య అది. టాస్క్ డైలాగ్ 6వ వెర్షన్‌లోనే ఉంది, ప్రోగ్రాముకు దొరికింది 5.82. మొదటి విభాగానికి వెళ్లండి.

నా దగ్గర బాగుంది, ఒక్క ఆఫీసులోనే పాతగా ఉంది

ఆ కంప్యూటర్ విండోస్ 7 అయితే ఈఎక్స్ఈ లక్షణాల్లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరవండి. విజువల్ థీమ్‌లు ఆపేసే టిక్కును ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటారు. ద్వారకానగర్ ఆఫీసు నుంచి గాజువాక సర్వర్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌తో కలిసే చోట, కనెక్షన్ కిటికీలోని ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో విజువల్ స్టైల్స్ టిక్కు ఉందో లేదో చూడండి. పాత సర్వర్లయితే థీమ్స్ సర్వీసు నడుస్తోందో లేదో కూడా చూడాలి.

కొత్త ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయి

ఇది విజువల్ స్టైల్స్ గొడవ కాదు. యజమానులు రెండింటినీ కలిపి "బాగాలేదు" అనేస్తారు, అందుకే ఇక్కడ చెబుతున్నాను. స్క్రీన్ స్కేలింగ్ 125 శాతమో 150 శాతమో ఉంటుంది, అది తెలియని ప్రోగ్రామును విండోస్ సాగదీసి చూపిస్తుంది. మానిఫెస్ట్‌లో డీపీఐ (తెర మీది చుక్కల సాంద్రత) సంగతి ప్రకటించవచ్చు గానీ, పాత ఫామ్‌లలో వరుసలు చెదురుతాయి. కోడ్ ముట్టుకోకుండా కంపాటిబిలిటీ ట్యాబ్‌లో హై డీపీఐ అమరికలు తెరిచి, స్కేలింగ్‌ను సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్‌గా పెట్టి చూడండి. 2017లో విండోస్ 10కు చేరిన సౌకర్యమిది, వీబీ6 ప్రోగ్రాములకు బాగా పొసగుతుంది.

బటన్ల మీద తెలుగు తెగిపోతోంది

వీబీ6లో యూనికోడ్ తెలుగు ప్రశ్నార్థకాలుగా మారితే థీమ్‌ను అనవద్దు. దాని సొంత కంట్రోల్స్‌కు యూనికోడ్ రాదు. విన్‌ఫామ్స్‌లో వస్తుంది. అక్కడ సెట్‌కంపాటిబుల్‌టెక్స్ట్‌రెండరింగ్‌డిఫాల్ట్‌కు ఫాల్స్ ఇవ్వండి, అప్పుడు అక్షరాలను విండోస్ సొంత గీత వ్యవస్థ అయిన జీడీఐ గీస్తుంది. తెలుగు లాంటి లిపులకు అదే మేలు.

ఇక ఫాంటు. పాత ప్రోగ్రాముల్లో గౌతమి అని రాసి ఉంటుంది. విండోస్ 10, 11లలో గౌతమి అదనపు తెలుగు ఫాంట్ల కిందకు వెళ్లింది; ఆప్షనల్ ఫీచర్స్‌లో వేసుకుంటే తప్ప ఉండకపోవచ్చు. లేనప్పుడు మరో ఫాంటు వచ్చి కొలతలు మారిపోతాయి. విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా యూఐ పెట్టి, వత్తులు కింద తెగకుండా బటన్ల ఎత్తు కాస్త పెంచండి. "రద్దు" అని రాసిన బటన్‌తో పరీక్షించండి. ద వత్తు పూర్తిగా కనిపిస్తే మిగతావి కూడా చాలావరకు పడతాయి.